గెంతుడోడు మొదటి గోతిలో పడ్డ రోజు

అన్న మొదటి గోతిలోనే పడ్డాడు.

టీవీలో ఆ గొయ్యి వేలెడు వెడల్పు కూడా ఉండదు. ఆట మొదలవగానే వస్తుంది. కొత్తగా ఆడేవాళ్ళు తప్ప అందులో ఎవరూ పడరు. అన్న అయితే పక్కకి తిరిగి నాతో మాట్లాడుతూ, పనసగింజ నములుతూ, తెరకేసి చూడకుండానే దాటించేసేవాడు. అలాంటిది ఆ సాయంత్రం బొమ్మ తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి గోతిలో పడిపోయింది. అసలు గెంతనేలేదు. గదిలో ఉన్న పిల్లలందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వబోయి అన్న చేతులకేసి చూశాను. బొటనవేలు బటన్ మీదే ఉంది. బొమ్మ పడిపోయాక, అప్పుడు నొక్కింది.

"నువ్వాడే" అని రిమోట్ నా చేతిలో పెట్టాడు.

అది వేడిగా ఉంది. చేత్తో ఎంతసేపు పట్టుకున్నా ప్లాస్టిక్ అంత వేడెక్కదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా ఇంట్లో ఎవరికీ తెలియకముందే, ఏదో జరగబోతోందని నాకు తెలిసింది ఆ వేడివల్లే.

ఇన్నేళ్ళకి ఇది రాయడానికి కారణం మా అబ్బాయి. ఇవాళ సాయంత్రం పోపు వేస్తుంటే ముందుగదిలోంచి ఒక చప్పుడు వినిపించింది. పైనుంచి కిందికి జారిపోయే ఈల లాంటిది, చివర టుక్కున ఆగిపోయేది, అచ్చం మా ఆటలో బొమ్మ గోతిలో పడ్డప్పుడు వచ్చేలాంటిది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవాలు మాడిపోయాయి. వాడు వాళ్ళ నాన్న పాత ఫోన్లో ఏదో కొత్త ఆట ఎక్కించుకున్నాడు. ఇప్పటివాళ్ళు చేసిందే కానీ, కావాలనే పాతకాలపుదానిలా చేశారట. గళ్ళుగళ్ళుగా బొమ్మలు, నాలుగైదు రంగులు, కీచుమనే పాట. మూడు ప్రాణాలు. అవి పోతే మళ్ళీ మొదటికి.

"ఇంత కష్టమైంది ఎందుకురా? వేరేది ఆడుకోరాదా" అన్నాను.

"కష్టంగా ఉంటేనే కదమ్మా బాగుండేది" అన్నాడు తలెత్తకుండా. కళ్ళలో నీళ్ళున్నాయి. ఫోన్ మంచంమీదికి విసిరేసి, దుప్పటి కప్పుకుని కాసేపు ముడుచుకున్నాడు. మళ్ళీ లేచి తీసుకున్నాడు. మళ్ళీ ఆ ఈల.

నేను ఫోన్ లాక్కున్నాను. నుదుటిమీద చెయ్యి వేసి చూశాను. చల్లగానే ఉంది. మెడకింద కూడా చూశాను. "ఏంటమ్మా నీ గోల" అని చెయ్యి తోసేశాడు. అన్నం తినకుండానే పడుకున్నాడు. వాడి చెల్లెలు కూడా వాడి పక్షం చేరి నాతో మాట్లాడలేదు. వాళ్ళ నాన్న డ్యూటీమీద సీలేరు వెళ్ళారు. ఈ పాడేరు క్వార్టర్లో నేనూ పిల్లలే ఉన్నాం. దోమతెర అంచులు పరుపుకింద దోపి, నమ్మకం చాలక ఇంకోసారి దోపి, వచ్చి కూర్చున్నాను. ఫోన్ ఎందుకు లాక్కున్నానో వాడికి చెప్పలేకపోయాను. వాడికి ఒక మామయ్య ఉండేవాడని కూడా ఇంతవరకూ చెప్పలేదు.

మాది అరకు దాటాక, రైలు పట్టాలకి పైన, కొండ వాలులో ఉన్న గూడెం. ఇప్పుడు అక్కడ పర్యాటకులకి గుడారాలు వేశారు. బొంగు చికెన్ బోర్డులున్నాయి. చిన్నాన్న ఇల్లు ఉన్న చోట ఎవరో సిమెంటు మెట్లు కట్టి, ఫొటోలు దిగడానికి గుండె ఆకారంలో ఒక చట్రం నిలబెట్టారు. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు దాని పక్కన నిలబడి, టీవీ గది ఎక్కడ ఉండేదో పోల్చుకోవాలని చూశాను. తెలియలేదు.

నాన్న, తాత కాఫీ మొక్కలూ, సామలూ, రాగులూ చూసుకునేవారు. చిన్నాన్న మాత్రం రైల్వేలో గ్యాంగ్‌మన్. గూడెం మొత్తానికి నెలజీతం అందుకునే మనిషి ఆయనొక్కడే, టీవీ ఉన్న ఇల్లూ అదొక్కటే. ఆయనకీ పిన్నికీ అప్పటికి పిల్లలు లేరు. ఓ వానాకాలం మొదట్లో విశాఖపట్నం నుంచి గొడుగు, కిరసనాయిలు పొయ్యికి ఒత్తులు, వాటితోపాటు ఒక టీవీ ఆటల పెట్టె తెచ్చాడు.

"పిల్లలు లేనోడికి ఆటబొమ్మలేటి?" అంది పిన్ని.

"ఎవులన్నారు లేరని? ఒక్క కేకేత్తే గదినిండా ఒచ్చెయ్యరా?" అన్నాడు చిన్నాన్న.

ఆ మాట నిజమే. మర్నాటినుంచి పిన్ని ఇంటి గుమ్మంముందు చెప్పులే చెప్పులు. పెట్టెలో పసుపురంగు క్యాసెట్ ఒకటి దోపాలి. దోపేముందు దాని నోట్లోకి గట్టిగా ఊదాలి, లేకపోతే బొమ్మ రాదు. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు, అందరూ ఊదేవాళ్ళం. ఆట పేరు తెరమీద ఏదో రాసి ఉండేది, అది ఇంగ్లీషు కూడా కాదు. అందుకని మేమే పేరు పెట్టుకున్నాం. బల్లెం పట్టుకున్న ఎర్రచొక్కా మనిషి గెంతుడోడు. గెడ్డ, అంటే వాగు, దాటి, కొండెక్కి, గుహలో దూరి చివరిదాకా వెళ్ళాలి. గుహ వచ్చేసరికి అందరం బొర్రా అనేవాళ్ళం. అందులో గబ్బిలాలుండేవి. గబ్బిలం తగిలితే గెంతుడోడు చచ్చిపోడు, వెనక్కి ఒక అడుగు తూలుతాడు. ఆ ఒక్క అడుగు వెనకే ఎప్పుడూ గొయ్యి ఉంటుంది. ఆట చేసినవాడి మీద మాకున్న కసి అంతా ఆ ఒక్క అడుగు గురించే.

ఏడ్చేవాళ్ళం. రిమోట్ నేలకేసి కొట్టబోయి, పిన్ని చూపు చూసి ఆగిపోయేవాళ్ళం. ఇక జన్మలో ఆడనని బయటికి పోయి, వసారా చూరు నీళ్ళలో కాళ్ళు కడుక్కుని, తిరిగొచ్చి వరసలో కూర్చునేవాళ్ళం.

అన్న మాత్రం ఏడ్చేవాడు కాదు. చచ్చిన ప్రతిసారీ "ఓహో" అనేవాడు, లెక్కల మాస్టారు ఏదో చెబితే అర్థమైనట్టు. ఒకరోజు నేను ఆట మోసం చేస్తోందని పెట్టె తన్నబోతే ఆపాడు.

"అది మోసం సెయ్యదే. సూడు, ఆ గబ్బిలం నిన్న యాడనుంచి ఒచ్చినాది? ఇయ్యాలా అక్కడనుంచే. రేపూ అక్కడే. నువ్వు మర్సిపోతన్నావు, అది మర్సిపోదు. అంతే."

వాడికి పన్నెండేళ్ళు. ఆ గోతులన్నీ వేళ్ళతో కంఠతా పట్టేశాడు. రెండు పొట్టి గెంతులు, ఆగడం, ఒక పొడుగు గెంతు, బల్లెం. బడికి పోయే దారిలో కూడా తొడమీద వేళ్ళతో ఆడుతుండేవాడు. నేను చూసి, "ఇప్పుడు గెడ్డ దాటేవు కదా?" అంటే, "కొండెక్కీసినాను" అనేవాడు.

తాత గది మూలన గొంగడి కప్పుకుని చుట్ట కాలుస్తూ చూసేవాడు. ఆయనకి ఆ మనిషి ఎందుకు అంత తొందరపడుతున్నాడో అర్థమయ్యేది కాదు.

"ఏరా, ఆడి పెళ్ళాం పిల్లలు ఆ కొండవతల ఉన్నారేటి?"

"ఎవులూ లేరు తాతా. ఊరికే పోతాడు."

"ఊరికే పోతాడా? మరి కనవ దగ్గర ఆకు ఎయ్యడేటి? ఆకు ఎయ్యకుండా దాటితే పడిపోడా మరి?"

మా వైపు కొండదారి ఎత్తైన మలుపు, అదే కనవ, చేరాక, అక్కడి రాళ్ళకుప్పమీద పచ్చటి కొమ్మొకటి విరిచి వేసి, దండం పెట్టుకుని ముందుకెళ్ళేవాళ్ళు. పెద్దవాళ్ళెవరూ వెయ్యకుండా దాటేవారు కాదు. తాత అన్నది నవ్వులాటకి కాదు. మర్నాడు అన్న అడ్డాకు ఒకటి తెచ్చి, ఆటపెట్టెమీద పెట్టి, దండం పెట్టి మొదలెట్టాడు. ఆరోజు మొదటిసారి గబ్బిలాల దాకా వెళ్ళాడు. అప్పటినుంచి పిన్ని రోజూ సాయంత్రం పెట్టెమీద వాడిపోయిన ఆకులు ఊడ్చుకునేది. "టీవీకి తద్దినం పెడతన్నారు గుంటలు" అని మా పిల్లలందరి గురించీ వీధిలో చెప్పేది.

పైవీధి పిల్లలు వస్తే వరస పెరిగిపోయేది. దానికి అన్న ఓ ఉపాయం కనిపెట్టాడు. చిన్నాన్న పాత డ్యూటీ బూట్లు తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. ఆయన రాత్రి పని చేసొచ్చి పడుకున్నాడనుకుని పైవీధివాళ్ళు చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు నిజంగానే చిన్నాన్న వచ్చి, గుమ్మంలో తన బూట్లు, కాళ్ళకి తన బూట్లు చూసుకుని, "నేను ఇంట్లో ఉన్నానేటి?" అని పిన్నిని అడిగాడు.

ఆ గది వాసన ఇప్పటికీ తెలుస్తుంది. వేడెక్కిన టీవీ దుమ్ము, తడిసిన గొంగడి, తాత చుట్ట, నిప్పుల్లో కాల్చిన పనసగింజలు. కిటికీకి గోనెపట్టా కట్టేవాళ్ళం, వెలుగు పడితే గబ్బిలాలు కనిపించవని. తలుపు మూసేవాళ్ళం. చీకటిపడే వేళకి అంతమందిమి ఆ చిన్నగదిలో, చెమటతో, కాళ్ళు చేతులు బయటపెట్టుకుని కూర్చునేవాళ్ళం. కుట్టిన చోట గోక్కునేవాళ్ళం. గోక్కుంటూ తెరకేసే చూసేవాళ్ళం.

వానలు బాగా పట్టకముందు దోమలమందు కొట్టేవాళ్ళు వచ్చారు. వీపుకి ట్యాంకులు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. గోడలమీద తెల్లటి చారలు మిగిలేవి, ముక్కు మండే వాసన. పిన్ని వసారాలో కొట్టించింది, వంటగదిలో సామాన్లు తీయించి కొట్టించింది. టీవీ గది దగ్గర మాత్రం గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇందులో ఒద్దు బాబూ. మందు పడితే టీవీ పోద్ది."

"టీవీ బయటెట్టండమ్మా, పది నిమిషాల పని."

"తీగలూడదీస్తే మళ్ళీ బొమ్మ రాదు. మా ఆయన కట్టినాడు, ఆయన లేడు. ఎల్లండి, అందరూ ఆ గదిలోనే పడి ఉంటారు, మందు వాసనకి గుంటలు దగ్గీసి సత్తారు."

అతను భుజాలెగరేసి పక్కింటికి వెళ్ళాడు. మాకు పండగలా అనిపించింది. తాతకి కూడా. గూడెంలో మందు పడని గది ఆ ఒక్కటే అని అప్పుడెవరూ అనుకోలేదు. అన్నకి కుట్టింది ఆ గదిలోనో, బడిదారిలోనో, మా ఇంట్లోనో ఎవరు చెప్పగలరు? కానీ పిన్ని తర్వాత ఎప్పటికీ ఒకటే చెప్పింది, ఆ గదిలోనే అని.

గోతిలో పడ్డ రోజుకి ముందురోజు అన్న గబ్బిలాలని దాటేశాడు. అంతకుముందు మాలో ఎవరూ చూడని చోటికి వెళ్ళాడు. తెర నీలంగా మారింది, పాట మారింది. అందరం పనసగింజలు నమలడం ఆపేశాం. తాత కూడా చుట్ట నోట్లోంచి తీశాడు. అంతలో కరెంటు పోయింది. కరెంటు వచ్చాక మళ్ళీ ఎర్రచొక్కాతో, మొదటి గోతి ముందు నిలబడి ఉన్నాడు గెంతుడోడు. ఆ ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచిపెట్టుకునే వీల్లేదు. అన్న "రేపు" అన్నాడు, అంతే.

తన ఒంట్లో బాగోలేదని వాడికి అప్పటికే తెలుసు. ఆ సంగతి తర్వాత తెలిసింది. వాడు నాన్న స్వెట్టర్ వేసుకుని తిరుగుతుంటే అమ్మ అడిగింది, వానకి చలేస్తోందన్నాడు. తన అంబలి కుక్కకి పోశాడు. జ్వరమని చెబితే ఇల్లు కదలనివ్వరు, అంత దూరం వెళ్ళొచ్చాక ఒక్కరోజు పోయినా వేళ్ళు మర్చిపోతాయని వాడి భయం.

మర్నాడు ఆ వేడి రిమోట్ పట్టుకున్నాక నేను లేచి పిన్ని దగ్గరికి పరిగెత్తాను.

"పిన్నీ, అన్నకి బాగోలేదు. మొదటి గోతిలో పడిపోనాడు."

పిన్ని కూరకి లేత వెదురుకొమ్ములు తరుగుతోంది. "గోతిలో పడితే జ్వరమొస్తదేటే? పోవే గుంటా, రోజూ అందరూ పడతన్నారు కదా."

"అన్న పడడు."

ఆమె కత్తిపీట ఆపి నాకేసి చూసింది. నవ్వింది. కానీ చేతులు చీరకి తుడుచుకుని గదిలోకి వచ్చింది. అన్న గోడకి ఆనుకుని ఉన్నాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "ఏట్రా, ఏటైంది?" అని పిన్ని నుదురు ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ రాత్రి మిరియాల కషాయం, తడిగుడ్డలు. తెల్లారేసరికి అన్న పిలిస్తే పలకడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూడటం లేదు. వానకి గెడ్డ పొంగి జీపుదారి మునిగిపోయింది. మిగిలింది రైలు. కర్రకి దుప్పటి కట్టి డోలీ చేసి, నాన్నా ఇంకొకరూ భుజానికెత్తుకుని, బురదలో దిగి స్టేషన్‌కి మోసుకొచ్చారు. వెనకాల అమ్మ, తాత, నేను. దారిలో రాళ్ళకుప్ప దగ్గర తాత ఒక కొమ్మ విరిచి వేశాడు. ఇంకొకటి విరిచాడు, మళ్ళీ వేశాడు. నాన్న ముందునుంచి "బేగి రా అయ్యా" అని కసిరాడు.

పాసింజరు రాలేదు. సొరంగం అవతల కొండచరియ విరిగి పట్టాలమీద పడిందని స్టేషన్‌మాస్టరు చెప్పాడు. తీస్తున్నారు, ఎంతసేపో తెలియదు. తీస్తున్నవాళ్ళలో చిన్నాన్న ఉన్నాడు. తెల్లవారకముందే గ్యాంగుని పిలిపించారు. అన్న స్టేషన్లో ఉన్నాడని ఆయనకి ఫోన్లో కబురు చెప్పించారు. ఆ తర్వాత ఆయన క్షణం ఆగలేదనీ, రాళ్ళు చేతులతోనే ఎత్తి పక్కకి పడేశాడనీ తోటివాళ్ళు చెప్పుకునేవారు. నెలరోజులు ఆయన వేళ్ళకి కట్లుండేవి.

బెంచీమీద అన్నని పడుకోబెట్టారు. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. నేను కాళ్ళదగ్గర కూర్చున్నాను. దుప్పటిమీద వాడి బొటనవేళ్ళు కదులుతున్నాయి. అమ్మ వణుకు అనుకుంది, పట్టుకోబోయింది. "ఒద్దమ్మా" అన్నాను. అది వణుకు కాదు. రెండు పొట్టి గెంతులు, ఆగడం, ఒక పొడుగు గెంతు. గెడ్డ దాటాడు. కొండెక్కాడు. నాకు అంతా కనిపిస్తోంది. గుహలోకి వెళ్ళాడు. గబ్బిలాల దగ్గర ఆగాడు, ఒకదాన్ని పోనిచ్చాడు, రెండోదాన్ని పొడిచాడు, గెంతాడు. ఒక్కచోట కూడా పడలేదు. ఆ తర్వాత వేళ్ళు ఎలా కదిలాయో నాకు అర్థం కాలేదు. ఆ గెంతులు నాకు తెలియవు. అక్కడికి నేనెప్పుడూ వెళ్ళలేదు. చాలాసేపు అలాగే ఆడాడు, తర్వాత వేళ్ళు ఆగిపోయాయి. గెలిచాడో పడ్డాడో తెలుసుకోవాలని మొహంకేసి చూశాను. మొహంలో ఏమీ లేదు.

మధ్యాహ్నం దాటాక రైలొచ్చింది. ఎక్కించారు. నన్ను తాత దగ్గర వదిలేశారు. ఆస్పత్రికి చేర్చారు కూడా. మలేరియా మెదడుకి ఎక్కిందన్నారు. సూదులు వేశారు. నిన్న తెచ్చి ఉంటే అన్నారట. మర్నాడు అదే పాసింజరులో అన్నని తీసుకొచ్చారు. పట్టాలు బాగుపడ్డాయి, ఆరోజు బండి టైముకే వచ్చింది.

చిన్నాన్న ఆటపెట్టెని ఏం చేశాడో ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది మందు కొట్టేవాళ్ళు వచ్చేసరికి, పిన్ని ఒక్కతే టీవీ ఎత్తి వసారాలో వాన జల్లులో పెట్టింది. తీగలు వేలాడుతున్నాయి. "ఈ గది ముందు కొట్టండి" అంది. అయిపోయాక, "ఇంకోసారి కొట్టండి" అంది. అతను చాలమ్మా అన్నా వినలేదు. ఆ టీవీలో మళ్ళీ బొమ్మ రాలేదు. బాగుచేయించలేదు.

పెద్దయ్యాక, కాలేజీలో ఉండగా, కాస్త ధైర్యం వచ్చి ఆ ఆట గురించి ఆలోచించాను. అది మాకెందుకంత ఇష్టమో ఇప్పుడు కొంచెం తెలుసు. అన్న చెప్పిందే. అక్కడ అపాయం ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. ఎన్నిసార్లు పడినా, నేర్చుకున్నవాడు దాటుతాడు. ఇద్దరు పిల్లల్ని కన్నాక అలాంటి చోటు ఇంకెక్కడా లేదని తెలిసింది. నేను రోజూ తెర అంచులు దోపుతాను, కుండీల్లో నీళ్ళు పారబోస్తాను, నుదుళ్ళు ముట్టుకుంటాను. ఏది ఎటునుంచి వస్తుందో తెలియదు.

రాత్రి రాయడం ఇక్కడికి ఆపేశాను. మిగిలింది పొద్దున జరిగింది.

రాగిజావ గ్లాసుల్లో పోసి ఇద్దరి ముందూ పెట్టాను. మా వాడు నాకేసి చూడలేదు. ఫోన్ తెచ్చి వాడి గ్లాసు పక్కన పెట్టాను. అప్పుడు చూశాడు.

"మీకొక మామయ్య ఉండేవాడు" అన్నాను. "నా అన్న. ఇలాంటి ఆట బాగా ఆడేవాడు."

"ఏ ఊళ్ళో ఉంటాడు?" అంది పాప.

"చనిపోయాడు. జ్వరమొచ్చి. నాకు తొమ్మిదేళ్ళు, వాడికి పన్నెండు."

పాప గ్లాసు కింద పెట్టింది. "మామయ్యలు అంత చిన్నగా ఉంటారా?"

"మీ మామయ్య అలాగే ఉండిపోయాడు."

మా వాడు ఫోన్ ముట్టుకోలేదు. వాడికి పదేళ్ళు. రెండేళ్ళు ఎంతకాలమో మనసులో లెక్కేసుకుంటున్నట్టు కూర్చున్నాడు. "చివరిదాకా వెళ్ళాడా?" అని అడిగాడు.

"తెలీదురా. నేను చూడలేకపోయాను."

వాడు తలూపాడు. నేను వాడి పక్కన కూర్చున్నాను. ఈసారి నుదురు ముట్టుకోలేదు.

"ఆడుకో," అన్నాను, "నేను లాక్కోను. కానీ ఎప్పుడైనా చలేసినా, తల నొప్పెట్టినా, కళ్ళు మసకేసినా, అక్కడికక్కడ ఆపేసి నాకు చెప్పు. ఎంత దూరం వచ్చినా సరే, రేపటికి మర్చిపోతానని అనిపించినా సరే. నేను తిట్టను. ఆట మళ్ళీ మొదటినుంచి ఆడుకోవచ్చు నాన్నా."